తాళం వేసిన బండికి చెమట

ఇవాళ్టి మాట బండి నడిపేవాళ్లకన్నా, బండి తాళంచెవి ఇంట్లో ఎవరి దగ్గరుందో వాళ్లకు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఇది కొత్త సంగతి కాదు. హైదరాబాదో, పుణెనో, ముంబయో పనికి పోయే మనిషి మోటర్‌సైకిల్‌ను గొడ్ల కొట్టంలోనో రేకుల షెడ్డులోనో పెడతాడు. పైన యూరియా బస్తాలు కుట్టిన పరదా కప్పి, తాళంచెవి భార్య చేతికో అమ్మ చేతికో ఇచ్చి, "వారానికోసారి స్టార్ట్ చేసి పెట్టండి" అని చెప్పి పోతాడు. వానాకాలమంతా గడిచాక కురుమూర్తి జాతరకు ఊరొచ్చి బండి తీద్దామంటే అది లేవదు. చెయిన్ కట్టెలా బిగుసుకుని ఉంటుంది, సైలెన్సర్ వంపు దగ్గర పెంకులు లేస్తుంటాయి. "ఒక్క చుక్క వాన పడనీయలేదే!" అని ఇంట్లోవాళ్లు బాధపడతారు.

నిజమే, వాన పడలేదు. పడాల్సిన పని కూడా లేదు. తుప్పు పట్టడానికి ఇనుము మీద కంటికి ఆననంత పల్చటి నీటి పొర చాలు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఆ పొర దానంతటదే ఏర్పడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో రాత్రిపూట మన దగ్గర తేమ 80 శాతం దాటడం మామూలే. మనది ఎండల సీమ, తుప్పు కోస్తావాళ్ల బాధ అనుకుంటాం గానీ, ఆ నాలుగు నెలలు మూసి ఉన్న కొట్టానికి మన ఎండ అందదు.

ఇక చెమట సంగతి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే పట్టుకుంటుంది. మిగిలిన ఆవిరి నీళ్లై, దగ్గర్లో ఏది చల్లగా ఉంటే దాని మీద దిగుతుంది. తెల్లవారేసరికి రేకుల లోపలి వైపు నీళ్లు కారడం మీరు చూసే ఉంటారు. మబ్బులేని రాత్రి రేకు తన వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. బండి ఇంజను బరువైన లోహం కాబట్టి రాత్రంతా చల్లబడి, పొద్దున తొందరగా వేడెక్కదు. సరిగ్గా అప్పుడు మనం తలుపు తెరిచి బయటి వెచ్చటి తడి గాలిని లోపలికి రానిస్తే, చల్లనీళ్లు పోసిన స్టీలు చెంబు లాగే ఇంజనుకూ చెమట పడుతుంది. అందుకే ముసురు రోజుల్లో పొద్దున్నే కొట్టం తలుపులు బార్లా తెరవకండి. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం తెరవండి. రోజు మొత్తంలో గాలి పొడిగా ఉండేది అప్పుడే.

చలిదేశాల్లో బండ్లను శీతాకాలం గరాజుల్లో పెడతారు. వేడి చేయని గదిలో వాళ్లకూ ఇదే చెమట. అక్కడివాళ్లు హీటర్ల గురించి వాదించుకుంటారు. ఆ ఖర్చు మనకెందుకు? మనకు కావలసింది గది పొడిగా ఉండటం, గాలి ఆడటం.

తేమ ఎటునుంచి వస్తోందో తెలుసుకునే పరీక్ష ఒకటి మీ ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక మూర పాలిథిన్ షీటు కొట్టం నేల మీద పరిచి, అంచులకు గాలి పోకుండా రాళ్లు పెట్టండి. మర్నాడు పొద్దున తిప్పి చూడండి. షీటు అడుగున నీటి బొట్లుంటే నేలలోంచి తేమ పైకి వస్తున్నట్టు. పైన తడి ఉంటే గాలిలోంచి దిగుతున్నట్టు. అలంపూర్ వైపు నల్లరేగడి నేలల్లోనూ, కాలువల పక్క ఊళ్లలోనూ అడుగునే తడి కనబడే అవకాశం ఎక్కువ. అలాంటి చోట మట్టి నేల మీద మందపాటి పట్టా పరిచి, దాని మీద చెక్క పలకలు వేసి, బండిని డబుల్ స్టాండ్ మీద నిలబెట్టాలి.

అదే పట్టాను బండి మీద కప్పితే మాత్రం చేజేతులా చెరుపు చేసినట్టే. కింది నుంచి వచ్చిన ఆవిరి బయటికి పోలేక పరదా లోపలే ఉండిపోతుంది. దుమ్ము పడకుండా పాత నూలు దుప్పటి చాలు, చక్రాల దగ్గర గాలి ఆడేలా కాస్త పైకి ఉంచండి. ఊరెళ్లే ముందు బండి కడిగించి, తడి ఆరకముందే కప్పేసేవాళ్లున్నారు. కడిగాక ఎండలో నాలుగైదు కిలోమీటర్లు తిప్పి, మడ్‌గార్డు లోపల బురద మిగలకుండా చూసి అప్పుడు లోపల పెట్టాలి. చెయిన్‌ను కిరోసిన్ గుడ్డతో తుడిచి నైంటీ ఆయిల్ వేయండి. బ్రేకుల దగ్గర నూనె చుక్క పడనీయకండి.

బండి పక్కన ఏముందో కూడా చూడాలి. పొటాష్ బస్తా ఉంటే వెంటనే తీయించండి. అందులోది క్లోరైడు ఉప్పు, దాని పొడి పడిన చోట తక్కువ తేమలోనే తుప్పు మొదలవుతుంది. గొడ్ల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా ఘాటు రాగిని, ఇత్తడిని తింటుంది. బ్యాటరీ దగ్గర, వైర్ల కొసల దగ్గర ఆకుపచ్చ పొడి కనబడటానికి ఇదీ ఒక కారణం. పల్లికాయ బస్తాలున్న చోటికి ఎలుకలొస్తాయి, అవి వైర్లను వదలవు.

ఇప్పుడు ఆ "వారానికోసారి స్టార్ట్" మాట. ఇది ప్రేమతో చెప్పే మాటే, కానీ చాలా బండ్లను పాడు చేసేది ఇదే. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ కొస నుంచి రాలే చుక్కలు అవే. బండి బాగా వేడెక్కితే ఆ నీరంతా ఆవిరై పోతుంది. ఐదు నిమిషాలు నడిపి ఆపేస్తే సైలెన్సర్‌లోనూ, ఇంజన్ ఆయిల్‌లోనూ మిగిలిపోతుంది. నడపగలిగే తమ్ముడో మరిదో ఉంటే అరగంట రోడ్డు మీద తిప్పమనండి. లేకుంటే ముట్టుకోకుండా వదిలేయడమే నయం. తలుపులు మూసిన గదిలో మాత్రం ఒక్క నిమిషం కూడా ఇంజను నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి ప్రాణం తీస్తుంది.

మూడు నాలుగు నెలలకైతే ట్యాంకు నిండా పెట్రోలు ఉంచడం మంచిది. సగం ఖాళీ ట్యాంకులో టార్చి వేసి చూస్తే, పెట్రోలు గీతకు పైన ఉన్న రేకే గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ఖాళీ జాగాలోని గాలి రాత్రికి చెమట పట్టడమే కారణం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది. పాత కార్బరేటర్ బండి అయితే పెట్రోల్ కాక్ మూసి, ఇంజను దానంతటదే ఆగేదాకా ఆరుబయట నడపండి. నిండు ట్యాంకు బండిని వంటింటి పొయ్యికి, దీపానికి దూరంగా పెట్టాలని వేరే చెప్పాలా? బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టి, నెలకోసారి చార్జింగ్ పెట్టించండి. విప్పేటప్పుడు ముందు నెగటివ్ వైరు తీయాలి.

వరద సంగతి వేరు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు రాజోలి నీట మునిగింది. అలా మునిగిన బండికి ఎట్టి పరిస్థితిలోనూ సెల్ఫ్ కొట్టకూడదు, కిక్కు కొట్టకూడదు. నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి సిలిండర్‌లో నీళ్లుంటే లోపలి రాడ్ వంగిపోతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. మెకానిక్ వచ్చి ప్లగ్ విప్పి, ఆయిల్, పెట్రోలు రెండూ మార్చాకే స్టార్ట్ చేయాలి.

ఇంటాయన ఊరొచ్చిన రోజు నేరుగా కిక్కు మీద కాలు వేయనీయకండి. ముందు టైర్లలో గాలి చూడమనండి. తర్వాత బండిని నాలుగడుగులు ముందుకు తోసి, రెండు బ్రేకులూ నొక్కి చూడాలి. షూలు డ్రమ్ముకు అతుక్కుని ఉంటే చక్రం అక్కడే మొరాయిస్తుంది. ఊరెళ్లే ముందు సైలెన్సర్‌లో గుడ్డ కుక్కి ఉంటే, దాన్ని తీయడం కూడా చాలామంది మరిచిపోతారు.