అక్కచెల్లెళ్ల సంఘాలు: ఒక ఉత్తరానికి జవాబు
(యశ్వంతనగరు తెలుగువారి ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసిన పిమ్మట, పులిహోర పొట్లాలు పంచకముందు, మమ్మల్ని నిలబెట్టి మాట్లాడమనటంలో కార్యదర్శిగారి ఉద్దేశం మాకు తెలియకపోలేదు. పొట్లాలు సర్దేదాకా జనం లేచిపోకూడదు. కాబట్టి అంతవరకే మాట్లాడతామని ముందుగా మనవి చేసుకుంటున్నాము.

మన కాలనీలోనే పుట్టి పెరిగి, బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడిన ఒక అమ్మాయి ఈనాడు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నది. పేరు చెప్పం. ఆ కుటుంబం క్రైస్తవులు, మేము కాము. అయినా ఉగాది పచ్చడి వారింటికి మా గిన్నెలో వెళ్లటం, క్రిస్మసు కేకు మా ఇంటికి వారి పళ్లెంలో రావటం ఏళ్ల తరబడి జరుగుతున్నదే. ఆ పిల్ల రెండు నెలల క్రితం మాకొక ఉత్తరం రాసింది. "అత్తయ్యగారూ, ఇక్కడ క్రైస్తవ విద్యార్థినుల సొరోరిటీ ఒకటి నన్ను చేరమంటున్నది. చేరినవారంతా అక్కచెల్లెళ్లట. ఒక పిన్ను పెడతారు, ప్రమాణం చేయిస్తారు. లోపల జరిగేది బయట చెప్పకూడదట. అమ్మ రాగింగేమోనని భయపడుతున్నది. నాన్నగారు మంచిదే అంటున్నారు. నా గదిలో ఉండే అమ్మాయిని మాత్రం వాళ్లు పిలవలేదు. మీరేమంటారు?"

సొరోరిటీ అన్న మాట మాకు సినిమాలలో విన్నదే తప్ప అర్థం తెలియదు. తెలియని విషయానికి సలహా చెప్పటం పెద్దరికం కాదు గనుక పుస్తకాలు తిరగేశాము. తెలుసుకున్నది మీకూ పనికివస్తుందని ఈ విషయం ఎన్నుకున్నాము. మన ఇళ్ల ఆడపిల్లలు దూరదేశాల చదువులకు పోతున్న రోజులివి.

లాటిను భాషలో సొరోర్ అంటే సోదరి. అయితే సంఘం ముందు పుట్టింది, ఆ పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. జార్జియా రాష్ట్రంలో మేకన్ అనే ఊరున్నది. అక్కడి వెస్లియన్ కాలేజి మెథడిస్టు క్రైస్తవుల ఆధ్వర్యంలో నడిచింది. స్త్రీలకు డిగ్రీలివ్వటానికి 1836లో చట్టరీత్యా అనుమతి పొందిన సంస్థ అది. 1851 మే నెలలో యూజీనియా టక్కర్ అనే పిల్ల, మరి అయిదుగురు స్నేహితురాళ్లను కూడగట్టుకొని, అడెల్ఫియన్ సొసైటీ అనే సంఘాన్ని పెట్టింది. గ్రీకు భాషలో అడెల్ఫి అంటే కూడా సోదరియే. అప్పటికి ఆమెకు పదహారు పదిహేడేళ్లు. తోటి పిల్లలు అల్లరితో కాలం గడుపుతున్నారని, చదువులోను నడవడిలోను ఒకరినొకరు పైకి తెచ్చుకోవాలని ఆమె తలపు. మన ఇళ్లలో ఆ వయసు పిల్లను ఆనాడు అత్తవారింటికి పంపే హడావిడిలో ఉండేవారు, అది వేరే మాట. "మనము ఒకరికొరకు ఒకరము బ్రతుకుదుము" అనేది వారి ఆదర్శ వాక్యానికి మన భాషలో అర్థం. మరుసటి ఏడు, 1852లో, అదే కాలేజీలో ఫిలోమాథియన్ అనే రెండవ సంఘం పుట్టింది. ఒక ఊళ్లో ఒక భజన మందిరం కడితే పక్క వీధివారు ఇంకొకటి కట్టక మానరు గదా!

మొదట ఇవి సాహిత్య సంఘాలే. వ్యాసాలు చదవటం, చర్చించటం, పాడటం చేసేవారు. గ్రీకు అక్షరాల పేర్లు తరువాత వచ్చాయి. అడెల్ఫియన్ సంఘం 1905లో ఆల్ఫా డెల్టా ఫై అయి, 1913లో ఆల్ఫా డెల్టా పై అయింది. ఆకాశనీలం, తెలుపు వారి రంగులు. అడవి వయొలెట్టు వారి పువ్వు. పట్టుకున్న రెండు చేతులు వారి పిన్ను మీద ఉంటాయి. సొరోరిటీ అన్న మాటను మాత్రం 1882లో సిరక్యూజు విశ్వవిద్యాలయంలోని ఫ్రాంక్ స్మాలీ అనే లాటిను పంతులు కల్పించాడు. అంతకుముందు ఆడపిల్లల సంఘాలను కూడా "సోదరుల సంఘం" అనే అర్థమిచ్చే ఫ్రటర్నిటీ అన్న మాటతోనే పిలిచేవారు. ఈ ఇబ్బంది మన భాషకు లేదు. అప్పచెల్లెళ్లన్న మాట ఎప్పుడో సిద్ధంగా ఉన్నది.

అమ్మాయి రాసిన పిన్ను, ప్రమాణం, రహస్యం ఇవన్నీ ఈ సంఘాలన్నిటికీ ఉన్న ఆచారాలే. చేరదలచినవారు కొంతకాలం ఉమేదువారులుగా ఉంటారు. పిమ్మట ప్రమాణం. చేరిన ప్రతి కొత్తపిల్లకు పెద్ద తరగతి పిల్ల ఒకతె "పెద్దక్క"గా కుదురుతుంది. ఆ పెద్దక్కకు అంతకుముందే ఒక పెద్దక్క ఉంటుంది గనుక, వంశవృక్షం గీసినట్లు ఎన్నో తరాలు లెక్కపెట్టుకుంటారట. ఇది చదివినప్పుడు మాకు ముచ్చట వేసింది. ఇల్లు విడిచిన పిల్లకు జ్వరం వస్తే కాఫీ కాచి ఇచ్చే మనిషి ఒకరు ముందే నిర్ణయమై ఉండటం చిన్న సంగతి కాదు.

ప్రత్యేకించి క్రైస్తవ సొరోరిటీలు ఆ తరువాతవి. 1925లో లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అరీటా అనే పేరుతో మొదలైన సంఘమే తరువాత ఆల్ఫా డెల్టా కై అయింది. 1988లో టెక్సాసులోని ఆస్టిన్‌లో సిగ్మా ఫై లామ్డా పుట్టింది. విందులు, నృత్యాలు ఎక్కువైన సంఘాలలో ఇమడలేనివారు, బైబిలు పఠనం, ప్రార్థన, పరోపకారం ముఖ్యంగా పెట్టుకొని ఇటువంటి చోట్ల కలుసుకుంటారు. అమ్మాయిని పిలిచింది ఈ తరహా సంఘమే. తల్లిగారి భయం గూర్చి ఒక మాట. సంఘంలో చేరటానికి వచ్చినవారిని అవమానపరచి పరీక్షించే దురాచారం అమెరికాలోనూ ఉన్నది. అక్కడి చాలా రాష్ట్రాలు దానిని చట్టంతో నిషేధించాయి. మన ఆంధ్రలో 1997లోనే రాగింగు నిషేధ చట్టం చేశారు. కాబట్టి భయం తప్పు కాదు. భయపడి ఊరుకోకుండా, ఏమి చేయిస్తారో ముందే అడిగి తెలుసుకోవటం మంచిది.

మమ్మల్ని పట్టుకున్నది మాత్రం ఉత్తరంలోని ఆఖరి మాట. గదిలో ఉండే పిల్లను పిలవలేదన్నది.

అక్కచెల్లెళ్లను ఎన్నుకునే సంఘమంటే, ఎన్నుకోనివారు కూడా ఉంటారన్నమాట. 1851 నాటి జార్జియాలో బానిసత్వం చట్టబద్ధంగా ఉండేది. "ఒకరికొరకు ఒకరము" అన్న ఆ మంచి మాటలో, ఆ ఇళ్లలో నీళ్లు తోడిన పిల్లలు లేరు. ఆ పిల్లల వంశీకులు కాలేజీ మెట్లెక్కిన పిమ్మట, 1908లో వాషింగ్టను నగరంలోని హోవర్డు విశ్వవిద్యాలయంలో, ఎథెల్ హెడ్జ్‌మన్ అనే విద్యార్థిని చొరవతో ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే తమ సంఘం తాము పెట్టుకున్నారు. 1913లో అక్కడే డెల్టా సిగ్మా తీటా పెట్టిన ఇరవై ఇద్దరు పిల్లలు, సంఘం పుట్టిన రెండు నెలలకే స్త్రీలకు ఓటు కావాలంటూ రాజధాని వీధులలో ఊరేగింపుకు నడిచారు. ఇక మేకన్‌లో ఏమైనదో వినండి. సొరోరిటీలు పుట్టిన ఆ వెస్లియన్ కాలేజీయే 1914లో తన ఆవరణలో సొరోరిటీలు వద్దని తీసివేసింది. పుట్టినింట చోటు లేకపోయినా అవి దేశమంతటా వ్యాపించాయి.

ఇప్పుడు మన వైపుకు వద్దాము. గ్రీకు అక్షరాల సంఘాలు మన కాలేజీలలో వేళ్లూనలేదు. కాని వేరొక పద్ధతిలో అక్కచెల్లెళ్లను చేసిన క్రైస్తవ కాలేజి ఒకటి, మన తాతముత్తాతల నాటి రాజధాని మద్రాసులో ఉన్నది. 1800 నుంచి బళ్లారి జిల్లా మద్రాసు ప్రభుత్వం కిందిదే గదా. 1949లో సండూరు సంస్థానం కూడా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1953 అక్టోబరు 1న ఈ ప్రాంతం మైసూరు వైపుకు వచ్చేదాకా, ఇక్కడి పిల్లకు పై చదువంటే మద్రాసు రైలే.

అక్కడ 1914లో ప్రభుత్వం స్త్రీలకొక కాలేజి తెరిచింది. ఆ మరుసటి ఏడు, 1915 జూలై 7న, ఉమెన్స్ క్రిస్టియన్ కాలేజి మొదలయింది. హైడ్ పార్కు అనే అద్దె ఇల్లు, నలభై ఒక్కమంది పిల్లలు, ఏడుగురు ఉపాధ్యాయులు, ఎలినార్ మెక్‌డూగల్ అనే ప్రిన్సిపాలు. అంతే. మరుసటి సంవత్సరం నుంగంబాకంలోని డవ్‌టన్ హౌసుకు మారింది. 1875లో బరోడా గద్దె నుంచి దింపివేసిన మల్హారరావు గైక్వాడును మద్రాసుకు తెచ్చి ఉంచింది ఆ ఇంటిలోనేనట. రాజును కాపలాలో పెట్టిన ఇంట్లో ఆడపిల్లలు బి. ఏ. చదివారు.

ఆ కాలేజి స్థాపనలోని విశేషం పన్నెండు మిషను సంఘాలు కలిసి దానిని పెట్టటం. ఇంగ్లండు, అమెరికా, కెనడాల సంఘాలవి. ఇది ఎంత కష్టమో ఈనాడు ఊహకు రాదు. మన తెలుగునాటనే చూడండి. గుంటూరులో లూథరన్లు, నెల్లూరులో బాప్టిస్టులు, కడపలోను ఈ బళ్లారిలోను లండను మిషను, బందరులో చర్చి మిషను. బాప్తిస్మంలో నీటిలో ముంచాలా, తలపై చిలకరిస్తే చాలునా అన్నదానిపై ఒకరి ఆచారం మరొకరికి సరిపడేది కాదు. ఇక తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ భాషలు. వాటి వెనుక కులాలు. క్రైస్తవులైనంత మాత్రాన కులం వాకిలి బయట ఆగిపోలేదని అందరికీ తెలిసిందే. ఇన్ని తేడాల పిల్లలను ఒక హాస్టలులో ఉంచి, ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒకే ప్రార్థనా మందిరానికి పంపారు. పొద్దుతిరుగుడు పువ్వు ఆ కాలేజి గుర్తు. వెలుగు పొందినది వెలుగు పంచటానికేనన్నది దాని ఆదర్శం. పిన్నుల రహస్యం లేదు, ఓటు వేసి ఒకరిని లోపలికి తీసుకొని మరొకరిని బయట ఉంచటం లేదు. కాలేజీలో చేరిన పిల్ల చేరిన రోజే అందరికీ చెల్లెలు.

మరీ పొగడకూడదు. ఆ కాలేజీకి కూడా గుమ్మం ఉన్నది. ఇంగ్లీషు రావాలి, ఇంట్లో ఆడపిల్లను చదివించే మనసు ఉండాలి, రైలు ఖర్చు ఉండాలి. గనిలో తట్ట మోసిన తల్లి కూతురు ఆ గుమ్మం దాకా కూడా రాలేదు.

మరొక ముచ్చట చెప్పి ఈ భాగం ముగిస్తాము. 1920లో అమెరికాలోని మౌంట్ హోల్యోక్ అనే పాత స్త్రీల కాలేజి, మద్రాసు కాలేజిని తన "సోదరి కాలేజి"గా స్వీకరించింది. ఆ రోజుల్లోనే లూసీ పీబాడీ మొదలైన అమెరికా స్త్రీలు ఆసియాలోని ఏడు స్త్రీ విద్యాసంస్థల కోసం ఒక్కొక్క డాలరు చొప్పున కూడా అడిగి, ఇరవై లక్షల డాలర్ల దాకా పోగుచేశారు. రాక్‌ఫెల్లరు నిధి మరో పది లక్షలు కలిపింది. మద్రాసు కాలేజి, వెల్లూరులో ఐడా స్కడర్ పెట్టిన వైద్య పాఠశాల ఆ ఏడింటిలోవే. ముఖమెరుగని పిల్లల కోసం డాలరు ఇచ్చిన ఆ అమ్మలు ఏ ప్రమాణం చేసిన అక్కలు?

సరే, అమ్మాయికి ఏమని రాశామంటారా? చేరమనీ రాయలేదు, వద్దనీ రాయలేదు. ఒంటరిగా ఉన్న పిల్లకు పెద్దక్క దొరికితే కాదనటానికి మేమెవరం? ఏమి చేయిస్తారో, ఎంత ఖర్చో ముందే అడగమని, అమ్మకు చెప్పరాని పని ఏదైనా చేయమంటే ఆ నిమిషంలోనే లేచి రమ్మని రాశాము. "నీ గదిలోని అమ్మాయిని ఎందుకు పిలవలేదో అడుగు. వాళ్లు చెప్పే జవాబు విన్న పిమ్మట నీకే తెలుస్తుంది" అని కూడా రాశాము. జవాబు ఇంకా రాలేదు.

ఆ ఉత్తరం తపాలాలో వేసి ఇంటికి వచ్చిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నిరుడు ఉగాదికి పిల్లల కోలాటం మేమే నేర్పించాము. పక్క వీధి కన్నడ పిల్లలిద్దరు, మేమూ ఆడతామని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. జట్టు నిండిందని చెప్పి పంపివేసింది ఎవరో కాదు, మేమే. నిజానికి జట్టులో ఇద్దరు తక్కువగానే ఉన్నారు. మన పండుగకు మన పిల్లలే ఉండాలని ఏదో అనుకున్నాము. వాళ్ల ఇంట్లోనూ ఈనాడు యుగాదియే, వాళ్లూ వేపపువ్వు బెల్లమే తిన్నారు. గనులకని, తోరణగల్లు ఉక్కు కర్మాగారానికని పొట్ట చేతబట్టుకొని వచ్చిన మనకు ఈ ఊళ్లో మొదట ఇల్లు అద్దెకిచ్చింది ఆ వీధివారే. మరుసటి ఉదయం వాళ్లింటికి వెళ్లి పిల్లలను అడిగాము. పెద్దది మొహం తిప్పుకున్నది. చిన్నది మాత్రం, "కోలు మీరే ఇస్తారా, మేము తెచ్చుకోవాలా?" అని కన్నడంలో అడిగింది.

కార్యదర్శిగారు చెయ్యి ఊపుతున్నారు, పొట్లాలు సర్దటం అయినట్లున్నది. కాని ఒక్క పది నిమిషాలు ఎవరూ లేవకండి. తెర వెనుక పన్నెండుమంది పిల్లలు కోలాటం కర్రలు పట్టుకొని నిలబడి ఉన్నారు. పెద్దది కూడా వచ్చింది.