బోణీ కాని బాలెట్ పెట్టె

2012వ సంవత్సరము నవంబరు 15వ తేదీన వేల్సులోని న్యూపోర్టు నగరమునందు, బెట్టుస్ అను పేటలో, ఒక పోలింగు కేంద్రమును ఉదయము 7 గంటలకు తెరచి రాత్రి 10 గంటలకు మూసినారు. ఒక్క ఓటైనా పడలేదు. సంతలో ఎంత మందకొడి దుకాణమునకైనను పొద్దుగూకు లోపల బోణీ అగును. ఆ పెట్టెకు అదియు కాలేదు.

ఆనాడు ఇంగ్లండు, వేల్సులలోని 41 ప్రాంతములలో 'పోలీసు, నేరముల కమిషనరు' పదవికి మొదటిసారి ఎన్నిక జరిగినది. పోలీసు కమిషనరు అనగానే మనకు హైదరాబాదు నగరపు ఖాకీ దుస్తుల అధికారి స్ఫురించును. అక్కడి కమిషనరు అట్టివాడు కాడు. ప్రజలు ఎన్నుకొనిన పౌరుడు. ప్రాంతపు పోలీసు దళమునకు అధిపతి చీఫ్ కానిస్టేబుల్. పేరు చూచి మన వీధి కానిస్టేబులనుకొనరాదు! ఆయనను నియమించుట, అవసరమైన తొలగించుట, బడ్జెటు కూర్చుట, స్థానిక పన్నులో పోలీసుల వాటా నిర్ణయించుట కమిషనరు పనులు. ఎవరిని అరెస్టు చేయవలెనన్న విషయములో మాత్రము ఆయనకు జోక్యము లేదు.

అంతకుముందు ఈ అజమాయిషీ సాధారణముగా 17 మంది సభ్యుల సంఘము చేతిలో ఉండెడిది. ఆ సభ్యులెవరో ఊరివారికి తెలియదనియు, ప్రజలు ఎన్నుకొనిన ఒక్క మనిషి జవాబుదారీగా ఉండుట మేలనియు ప్రభుత్వము వాదించి, 2011లో చట్టము చేసినది. వాదము వినసొంపుగానే ఉన్నది. ఓటర్లలో సుమారు 15 శాతమే వచ్చినారు. చలికాలము, త్వరగా చీకటి పడు రోజులు; అభ్యర్థులెవరో తెలుపు కరపత్రములను ప్రభుత్వము ఇంటింటికి పంపలేదు. ఇట్టి స్థితిలో ఓటరును సోమరి అనుట నాకు న్యాయముగా తోచదు.

అయినను నన్ను కలవరపెట్టునది మరియొక ఎన్నిక. 2014 ఆగస్టులో దక్షిణ యార్క్‌షైరులోని రోథరహాము పట్టణమును గూర్చి ఒక విచారణ నివేదిక వెలువడినది. 1997 మొదలు 2013 వరకు సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురియైనారని, పోలీసులు, పురపాలక సభవారు పట్టించుకొనలేదని అందులో తేలినది. అప్పటి కమిషనరు పూర్వము ఆ సభలోనే శిశుసంక్షేమ శాఖ చూచినవాడు. దిగిపొమ్మని హోం మంత్రి కోరినను ఆయన వెంటనే దిగలేదు. దింపుటకు మంత్రికి అధికారము లేదు. ఓటర్లకు మరుసటి ఎన్నిక వరకు మార్గము లేదు. తుదకు సెప్టెంబరులో ఆయన తనంతట తానే రాజీనామా చేసినాడు.

అక్టోబరు 30న ఉపఎన్నిక. ఓటు వేయుటకు ఇంతకన్న బలమైన కారణమున్న ప్రాంతము ఆ దేశమున వేరొకటి లేదు. అక్కడను సుమారు 15 శాతమే వచ్చినారు. ఆ ఆగస్టులోనే పశ్చిమ మిడ్‌లాండ్సు ఉపఎన్నికకు నూటికి పదిమంది వచ్చియున్నారు.

తరువాతి ఎన్నికలను మే నెలలో, ఇతర స్థానిక ఎన్నికలతో కలిపి జరిపినారు. ఓటర్లు కొంత పెరిగినారు. 2024లో మరల నాలుగవ వంతుకు లోపే దిగినారు. పార్టీలకు చెందని వ్యక్తులు ఈ పదవికి వత్తురని మొదట ఆశించినారు. 2012లో అట్టివారు 12 మంది గెలిచినారు, 2016లో ముగ్గురు. 2021లో ఒక్కరును లేరు, 2024లోను లేరు. ఆ యేడు 37 స్థానములలో కన్సర్వేటివులకు 19, లేబరువారికి 17, వేల్సు జాతీయ పక్షమైన ప్లయిడ్ కమ్రికి 1 దక్కినవి.

2025 నవంబరులో బ్రిటిషు ప్రభుత్వము ఈ పదవిని రద్దు చేయనున్నట్లు ప్రకటించినది. ఆ ప్రకటన ప్రకారము, ఇప్పటి కమిషనర్ల కాలము 2028 మే నెలలో ముగియగానే, మేయర్లున్నచోట వారికి, లేనిచోట స్థానిక సభల నాయకులతో కూడిన మండలికి ఈ అధికారము చేరును. అనగా పోలీసుల అజమాయిషీ చాలచోట్ల మరల ఒక సంఘము చేతికే పోవుచున్నది.