వంశ రిజిస్టరు: మనం రాసిపెట్టవలసిన ఎంట్రీలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ దగ్గర సి.సి.ఎం.బి.ని బస్సులోంచి చూడని వారు మనలో ఉండరు. 1977లో డాక్టర్ పి.ఎం. భార్గవ గారి ఆధ్వర్యంలో మొదలైన సంస్థ అది. డి.ఎన్.ఎ. వేలిముద్రల సంస్థ సి.డి.ఎఫ్.డి. కొన్నేళ్ళు మన నాచారంలోనే ఉండేది. తరువాత నాంపల్లి వెళ్ళి, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. అక్కడ పరిశోధిస్తున్నది మన వంశాల సంగతే. నేను శాస్త్రవేత్తను కాను, లెక్కల సెక్షనులో పనిచేసినవాణ్ణి. కనుక మన ఆఫీసు భాషలోనే నాలుగు మాటలు చెబుతాను.

మన శరీర కణాలలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలోని జన్యువులు సర్వీసు రిజిస్టరులో ఎంట్రీల వంటివి. దాదాపు ప్రతి ఎంట్రీకీ రెండు కాపీలు. ఒకటి తల్లి ఇచ్చినది, రెండవది తండ్రి ఇచ్చినది. మనం బిడ్డకు ఇచ్చేది ఆ రెంటిలో ఒక్కటే. ఏది వెళుతుందన్నది బొమ్మా బొరుసే.

ఎ గ్రూపు తండ్రికి, బి గ్రూపు తల్లికి ఓ గ్రూపు బిడ్డ పుడితే కొన్ని ఇళ్ళలో గుసగుసలు మొదలవుతాయి. ఇది అన్యాయం. తండ్రి వద్ద ఎ, ఓ కాపీలు, తల్లి వద్ద బి, ఓ కాపీలు ఉండవచ్చు. ఇద్దరి ఓ కాపీలూ బిడ్డకు చేరితే బిడ్డది ఓ గ్రూపే. దాగిన కాపీ కనబడదు గాని, పోదు. మెండెల్ 1866లో ప్రచురించిన బఠాణీల లెక్క కూడా ఇదే. మొదటి తరంలో అన్నీ గుండ్రటి గింజలే. రెండవ తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చాయి.

కొన్ని జబ్బులు కూడా ఇలాగే దాగి ఉంటాయి. ఉదాహరణకు తలసీమియా. ఒక కాపీ చెడినా రెండవది పని నడిపిస్తుంది, మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. భార్యాభర్తలిద్దరి వద్దా చెడిన కాపీ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి మిగతా వారికి రాదనుకోరాదు.

మేనరికంలో ఈ చిక్కు పెరుగుతుంది. ఒకే తాత కాపీ రెండు వైపుల నుంచీ బిడ్డను చేరే వీలుంది. ఏ జన్యువుకైనా రెండు కాపీలూ ఒకే పూర్వీకునివి అయ్యే అవకాశం మేనబావ, మరదలి బిడ్డకు 16లో 1, మేనమామ, మేనకోడలి బిడ్డకు 8లో 1. ఇలా పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యవంతులే. అయినా పెళ్ళికి ముందు రక్తపరీక్ష, డాక్టరు సలహా మేలు.

దగ్గర చుట్టరికం లేకున్నా, శతాబ్దాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న సమాజాలలో ఇటువంటివి ఉంటాయి. సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త తంగరాజ్ గారు, విదేశీ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో మన వైశ్యుల ఉదాహరణ ఉంది. బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం వారిలో ఇతరులకంటే దాదాపు నూరు రెట్లు ఎక్కువ. రోజువారీ జీవితంలో దానివల్ల ఏ బాధా లేదు. కాని ఆపరేషనులో కండరాలను సడలించటానికి సక్సినైల్ కోలిన్ ఇస్తే, నిమిషాలలో తగ్గవలసిన ప్రభావం గంటల తరబడి ఉంటుంది. అంతసేపూ రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు. ఇది ఏ కులానికీ మచ్చ కాదు. ఇటువంటి దాగిన ఎంట్రీలు ఇంకా ఎన్నో సమాజాలలో ఉన్నాయి.

మిత్రులారా, మూడు తరాల సంగతులు గుర్తున్నది మనకే. ఎవరిది మేనరికం, ఏ పిల్లలు పసితనంలో పోయారు, ఎవరికి పదేపదే రక్తం ఎక్కించారు, ఆపరేషను తరువాత ఎవరు ఆలస్యంగా తేరుకున్నారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, పి.పి.ఓ. ఉన్న ఫైలులోనే పెట్టండి. పిల్లలకు చూపించండి. సంబంధాలు తప్పిపోతాయని దాచకండి. ఆఫీసులో దాచిన ఎంట్రీ ఆడిట్‌లో బయటపడేది. ఇక్కడ ఆడిట్ జరిగేది మన మనుమల మీద.