ఆడపిల్ల చేతికి తీర్మానం బుక్కు

(బెల్లంపల్లిలో ఆదివాసీ యువతీయువకుల సభలో మాట్లాడిన మాటలు)



ఇది బొగ్గుబాయిల ఊరు. సంఘమంటే ఏందో బెల్లంపల్లికి ఒకరు చెప్పనక్కర లేదు. మన సంఘాల గురించి మాత్రం ఒక మాట చెప్పాలె. ధింసా ఆడేది ఆడపిల్లలే, అతిథులకు బొట్టు పెట్టేది వాళ్లే, ర్యాలీల బ్యానర్ పట్టేది వాళ్లే. కమిటీ పేర్లు చదివేటప్పుడు అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అందరూ తమ్ముళ్లే. చివర్ల ‘మహిళా విభాగం’ అని ఒక్క లైను.

ఇది సీదా మన భూమి ముచ్చట. 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ ఎన్నుకునే కమిటీల 10 నుంచి 15 మంది ఉంటరు. అందుల కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలె. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం గ్రామసభకు సగం మంది రావాలె, వచ్చినోళ్లలో మూడో వంతు ఆడవాళ్లు కావాలె. లేకుంటే కోరం లేదు. పట్టా కూడా భార్యాభర్తలిద్దరి పేరు మీద రావాలె. చట్టం ఇంతగా పిలిచినంక మన తల్లులు పోయి వేలిముద్ర వేసి వస్తే ఏం లాభం? కాగితం చదివి, ‘ఈ కొలత తప్పు, మళ్ల కొలువుండ్రి’ అని ఆఫీసర్ ముందు అనే అమ్మాయి కావాలె. ఆ ధైర్యం ఒక్కనాడు రాదు. అది నేర్పే బడి యువజన సంఘమే.

‘పెండ్లయి పోయే పిల్లకు పదవెందుకు’ అంటరు. పోయిన ఊర్ల గ్రామసభ లేదా? నేర్చుకున్నది ఆమె వెంటే పోతది. పద్దెనిమిది నిండకముందే పెండ్లంటే ‘నేను చదువుకుంట’ అనే నోరు కూడా సంఘంలనే వస్తది.

మనకు దారి చూపినోళ్లు ఉన్నరు. ములుగు సీతక్క అడవి ఉద్యమం నుంచి వచ్చి, లా చదివి, ఉస్మానియాల పీహెచ్‌డీ చేసి, 2023ల మంత్రి అయ్యారు. కోవ లక్ష్మి 2014ల, 2023ల ఆసిఫాబాద్ ఎమ్మెల్యేగా గెలిచారు. ఆత్రం సుగుణ టీచర్ కొలువు వదిలి 2024ల ఆదిలాబాద్ లోక్‌సభకు నిలబడ్డారు. పార్టీలు పక్కన పెట్టుండ్రి. ఇన్నేండ్లకు ఇట్లాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఎందుకున్నయో ఆలోచించుండ్రి.

ప్రతి సంఘం నాలుగు పనులు చెయ్యాలె. పదవులు సగం ఆడపిల్లలకియ్యాలె. పైసల లెక్క, తీర్మానం బుక్కు వాళ్ల చేతికియ్యాలె. మీటింగ్ పగటిపూట పెట్టి, ఆఖరి బస్సుకు ముందే ముగించాలె. రాత్రి పెట్టి ‘అమ్మాయిలు రారు’ అనొద్దు. గ్రామసభకు ముందురోజు వాడవాడకు పోయి గోండిల, కొలామిల చట్టం చెప్పే పని అమ్మాయిలకే అప్పజెప్పాలె.

సర్పంచ్ పోటీకి 21 ఏండ్లు నిండాలె. పంచాయతీల సగం సీట్లు ఆడవాళ్లవి. ఇయ్యాల పదహారేండ్ల చెల్లె ఐదేండ్లల్ల నిలబడొచ్చు. అప్పుడు మొగడు చూపిన చోట సంతకం పెడ్తదా, తాను చదివినంక పెడ్తదా? అది ఇప్పుడు మన సంఘం చేసే పనిని బట్టి ఉంటది.

జల్, జంగల్, జమీన్ మనదే! జై ఆదివాసీ!