భోజనము - ఇన్సులిన్ - పైత్యరసము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో సాహిత్యమును గూర్చి ప్రసంగించువారు చాలమంది గలరు. నాకు అప్పగింపబడినది శరీరశాస్త్రము. అందును నేను కోరుకొన్నది పైత్యరసము. తల తిరిగినను పైత్యమే, నోరు చేదైనను పైత్యమే యని మన వాడుక. ఎవరైన అసందర్భముగ మాటలాడినను పైత్యమే! ఇన్ని నిందలు మోయు ఆ రసము చేయు పనిని మాత్రము ఎవరును తలపరు.

చేపను కోయు ఇల్లాలికి చేదు తిత్తి తెలియును. అది చిట్లినచో కూర పాడగును. మనకును కాలేయము క్రింద అట్టి తిత్తి యొకటి గలదు. అందలి రసములో ముఖ్యమైనవి పైత్యామ్లములు. కాలేయము వీనిని కొలెస్టరాల్ నుండి తయారుచేయును. సబ్బునీటిలో జిడ్డు విడిపోయినట్లు, తిన్న నేయి, నూనెలు వీనివలన సన్నని తుంపరలై జీర్ణమగును. పెద్దవారి శరీరములో వీని నిలువ సుమారు 3 గ్రాములు మాత్రమే. చిన్నప్రేవు చివరిభాగము వీనిలో నూటికి 95 పాళ్లు తిరిగి పీల్చుకొని కాలేయమునకు పంపును. ఒకే ఏతపు బానతో దినమెల్ల మడి తడిపినట్లు, ఆ కొద్దిపాటి నిలువయే దినమునకు అనేక పర్యాయములు తిరుగును. నష్టమైన అర గ్రాము మేరకే కాలేయము క్రొత్తగ చేయును.

ఎంత చేయవలెనో కాలేయమునకు తెలుపువా రెవరు? ఇందు రెండు జన్యువులు ముఖ్యములు. సి.వై.పి. 7ఎ1 అనునది ఎంత చేయవలెనో నిర్ణయించును, సి.వై.పి. 8బి1 అనునది ఏ రకము చేయవలెనో నిర్ణయించును. పైత్యామ్లములను గుర్తించు గ్రాహకము కణములలోనే కలదని 1999లో తెలిసినది. భోజనానంతరము పైత్యామ్లములు ప్రేవు చివరకు చేరగనే, అచ్చటి కణములు ఒక ప్రోటీనును రక్తములోనికి విడుచును. అది కాలేయమును చేరి “ఇక చాలు” నని మొదటి జన్యువును అణచును. ఈ మార్గము 2005లో ఎలుకలయందు నిరూపింపబడినది.

ఇన్సులిన్ అంతకన్న ముందే వచ్చును. 1921లో టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు వెలికిదీసిన ఈ పదార్థమును మనము చక్కెర వ్యాధి మందుగనే యెరుగుదుము. దాని అధికారము చక్కెరతో ముగియదు. పస్తున్నప్పుడు ఫాక్సో-1 అను ప్రోటీను కాలేయ కణముల కేంద్రకములో కూర్చుండి కొన్ని జన్యువులను నడుపుచుండును. అన్నము తిన్న పిమ్మట ఇన్సులిన్ వచ్చి దానిని బయటకు సాగనంపును. అప్పుడు ఎలుకలలో రెండవ జన్యువు తగ్గును. మొదటి జన్యువు కథ ఇంత సులభము కాదు. మానవ కాలేయ కణములలో ఇన్సులిన్ దానిని తొలుత హెచ్చించి, చాలసేపు నిలిచినచో తగ్గించును. ఎలుకకు గల పైత్యామ్లములు కొన్ని మనిషికి లేనే లేవు. కావున ఎలుకలో చూచినదెల్ల మనకు అన్వయింపరాదు.

అయినను మనుష్యులలో చూచినదియు గలదు. ఇన్సులిన్‌కు శరీరము సరిగ లోబడనివారిలో, ఆ రెండవ జన్యువునకు సంబంధించిన పైత్యామ్లముల పాలు హెచ్చుగ నున్నదని 2013లో ప్రకటింపబడినది. అంతకుముందు 2008లో, కాలేయమున ఇన్సులిన్ గ్రాహకము లేని ఎలుకలకు పిత్తాశయమున రాళ్లు సులభముగ నేర్పడుట కనుగొనబడినది. ఇన్సులిన్ ఆజ్ఞ చెల్లనిచోట కాలేయము కొలెస్టరాల్‌ను పైత్యములోనికి అధికముగ త్రోయుటయే ఇందులకు ఒక ముఖ్య కారణము. మధుమేహముగల మనవారికి నూనె వంటకము తిన్న పిమ్మట కుడి డొక్కలో గట్టి నొప్పి వచ్చినచో, పైత్యమని నిమ్మరసము త్రాగించి ఊరకుండరాదు, వైద్యునకు చూపవలెను. జ్వరముగాని పచ్చకామెరలుగాని తోడైనచో ఒక్క పూటయు ఆగరాదు.

ఉపవాసమును గూర్చి పెద్దలు కొందరు అడుగుచుందురు. తినకున్నచో పిత్తాశయము ముడుచుకొనదు. రసము నిలువ నీరువలె చిక్కబడును. ఒక్క ఏకాదశితో రాళ్లు పుట్టవు. దీర్ఘకాలము పస్తుండుట, త్వరత్వరగా బరువు తగ్గించుకొనుట మాత్రము అందులకు దారితీయును. ఇన్సులిన్ పొడిపించుకొనువారు ఒక్క దినము ఉపవాసమునకైనను ముందుగ వైద్యునడిగి మోతాదు మార్పించుకొనవలెను. మందు మామూలుగ తీసికొని అన్నము మానినచో రక్తములో చక్కెర పడిపోయి స్పృహ తప్పును.