మార్జాల గానము

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయ మందిరమున శనివారము సాయంకాలము పిల్లలకు కార్టూను చిత్రములు చూపుట తగదని కొందరు పెద్దలు ఆక్షేపించిరి. పుస్తకములుండవలసిన చోట పిల్లి పియానో వాయించుట యేమని వారి ప్రశ్న. సమాధానము వెదకుటకై నేనును పిల్లల నడుమ కూర్చుండి ఆ చిత్రములను చూచితిని. గ్రహించినది మనవి చేయుచున్నాను.

ఈ బొమ్మల చిత్రములలో పిల్లికిని పాటకును చుట్టరికము చాల పాతది. 1928లో వాల్ట్ డిస్నీ వెలువరించిన 'స్టీమ్‌బోట్ విల్లీ'లో మిక్కీ అను ఎలుక పిల్లి తోకను లాగి దాని యరుపునే పాటలో కలుపును. అనగా ఆనాడు పిల్లి వాద్యము మాత్రమే. 1946వ సంవత్సరపు ఆస్కారు బహుమానము నందిన 'ది క్యాట్ కన్చెర్టో' నాటికి అది సభ నలంకరించిన విద్వాంసుడైనది. టామ్ అను పిల్లి లిస్టు రచించిన రెండవ హంగేరియన్ రాప్సొడీని వాయించుచుండ, పియానోలో నిద్రించు జెర్రీ అను ఎలుక మేల్కొని దానిని ముప్పుతిప్పలు పెట్టును. పదిమందిలో పరువు పోవునని పిల్లి వాద్యమాపదు. కోపమును సైతము పాటలోనే తీర్చుకొనును.

ఈ టామ్, జెర్రీ చిత్రములకు సంగీతము కూర్చిన స్కాట్ బ్రాడ్లీగారి పని, లెక్కలు వ్రాయు నాబోటివానికి మిక్కిలి నచ్చినది. చలనచిత్రమున సెకనునకు 24 బొమ్మలు. 12 బొమ్మల కొక అడుగు చొప్పున నడిపించిన, నిమిషమునకు 120 అడుగులు. ఆ లెక్కకే స్వరమును కట్టవలెను. లెక్క తప్పెనా, అడుగొకచోట, తాళమొకచోట పడును. పిల్లి నడక మెత్తన, దూకుట హఠాత్తు. విలంబమును ద్రుతమును దాని యొడలనే కలవు. మాటలు మిక్కిలి తక్కువైన ఆ కథలలో సంగీతమే మాట.

ఇక అసలు సంగతి. 1952వ సంవత్సరపు ఆస్కారు నందిన 'జొహాన్ మౌస్' కథ వియన్నా నగరమున, వాల్ట్జ్ గీతముల కర్త యోహాన్ స్ట్రాస్ ఇంట జరుగును. ఆయన పియానో వాయించినపుడెల్ల ఎలుక మైమరచి కలుగు వెడలి నాట్యమాడును. పిల్లి దానిని పట్టజూచును. యజమాని ఊరికి వెళ్లెను. పాట లేదు, ఎలుక రాదు. అంతట పిల్లి అటక యెక్కి, పాఠముల పుస్తకము చూచి తానే వాద్యము నేర్చుకొనెను! ఆ వార్త రాజప్రాసాదము చేర, చక్రవర్తి యెదుట పిల్లి వాయించెను, ఎలుక ఆడెను.

మన హితోపదేశమందలి దీర్ఘకర్ణమను పిల్లి ధర్మమెరిగిన వ్రతస్థుడనని నటించి గ్రద్దను నమ్మించెను. ఆ పిల్లి చదువును నటించెను. ఈ పిల్లి నిజముగ చదివెను. ఇరువురి ఆకలియు ఒక్కటే. మెప్పు పొందిన పిమ్మటను టామ్ ఎలుక వెంటనే పడెను. చదువు నేర్పునిచ్చును, బుద్ధిని వేరుగ సంపాదించుకొనవలెను.

నేను గురుముఖమున చదివినవాడను గాను. ఇచటి అలమారలలోని ప్రబంధములే నాకు గురువులు. మొదట వాని నేల చదివితిని? సభలో పద్యము చదివి మెప్పు పొందుటకే. ఆ యాశ ఎన్నడు సడలెనో తెలియదు, చదువు మిగిలెను. కావున పిల్లవాడు ఏ యాశతో ఈ గుమ్మము త్రొక్కెనని మనము విచారింపనక్కరలేదు.

మొన్న ఆ చిత్రము ముగియగనే ఒక బాలుడు నా యొద్దకు వచ్చి, "తాతగారూ, హార్మోనియము నేర్పు పుస్తకము మన దగ్గరున్నదా?" అని యడిగెను. జాబితా అంతయు వెదకితిని; లేదు. రజతోత్సవ విరాళములనుండి ముందుగ అట్టి పుస్తకమొకటి కొనవలెననియు, శనివారపు ప్రదర్శనమును ఆపవలదనియు కార్యవర్గమువారిని ప్రార్థించుచు, ఇంతటితో విరమించుచున్నాను.