గణితపరీక్షలో పొరపాట్లు: నివారణోపాయములు
(సంఘ వార్షిక మహాసభయందలి విద్యార్థి సమావేశమున చేసిన యుపన్యాసము)



మన బిడ్డలకు పుస్తకములు కొనిపెట్టవచ్చును, రుసుములు చెల్లింపవచ్చును. కాని పరీక్షామందిరమున వారి చేతిలోని కలమును మనము పట్టజాలము. తెలిసిన లెక్కను తప్పుచేసి వచ్చిన బాలుని "అజాగ్రత్త" యని మందలించుట మన యిండ్లలో పరిపాటి. ఒంట్లో బాగులేదన్నంత మాత్రమున వైద్యుడు మందీయజాలడు గదా! అట్లే అజాగ్రత్త యన్నంతమాత్రమున తప్పు తొలగదు. అది యే తప్పో తెలియవలెను.

ముందుగా నష్టమెంతో చూతము. 2025వ సంవత్సరపు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో 75 ప్రశ్నలు, 300 మార్కులు. సరియైన సమాధానమునకు 4 మార్కులు. తప్పునకు 1 మార్కు కోత. కావున వచ్చిన లెక్క తప్పినచో పోవునది 4 కాదు, 5. అట్టివి మూడైనచో 15. 2024వ సంవత్సరపు ఈఏపీసెట్ ఇంజనీరింగు పరీక్షలో 180 నిమిషములకు 160 ప్రశ్నలు. అందు గణితమువి 80. అచట కోత లేదు గాని తొందర మెండు.

ఈ పొరపాట్లు ముఖ్యముగా నాలుగు విధములు. మొదటిది గుర్తుల తప్పు: 20 − (8 − 3) అనగా 15; బ్రాకెట్టు తీయునపుడు గుర్తు మార్చనివానికి 9 వచ్చును. అట్టిచోట ఒక పంక్తి యధికముగా వ్రాయుటయే మందు. రెండవది ఎత్తివ్రాతలో తప్పు: 1 వ్రాసి 7 యని చదువుట. చిత్తుకాగితముపై వరుసగా, ప్రశ్నసంఖ్య వేసి, స్పష్టముగా వ్రాయవలెను. మూడవది అడిగినది విడుచుట: ఎక్స్ విలువ 6 అని కనుగొని, అడిగినది 2ఎక్స్ + 1, అనగా 13, అని మరచుట. సమాధానము గుర్తించుటకు ముందు ప్రశ్నలోని చివరి వాక్యమును మరల చదువవలెను.

నాలుగవది గుణకారాదులలో తప్పు. దీనికి తొమ్మిదులు తీసివేయు పరీక్ష కలదు. 347ను 26 చేత గుణింపగా 9022. అంకెలను కూడుచు పోగా 347కు 5, 26కు 8. వీని లబ్ధము 40, అనగా 4. 9022కును 4 వచ్చినది. 9012 అని వ్రాసినచో 3 వచ్చి తప్పు బయటపడును. కాని అంకెలు తారుమారై 9202 అయినచో ఈ పరీక్షకు చిక్కదు. సందేహమున్నచో మరల గుణింపవలసినదే.

విద్యార్థులారా! వర్తకుడు ప్రతి పద్దును చిట్టాలో వ్రాసి ఆవర్జాకు ఎక్కించునట్లు, ప్రతి అభ్యాసపరీక్షలోని తప్పును తేదీతో వ్రాసి, ఆయా విధము క్రింద చేర్చుడు. పది పరీక్షలైన పిదప మీ నష్టము ఏ ఖాతాలో నున్నదో మీకే తెలియును. ఆ యొక్కదానిని ముందు సరిచేసికొనుడు.

పెద్దలకు మా మనవి: మార్కులెన్ని యని మాత్రమే యడుగక, ఆ పుస్తకమును చూపుమని ప్రేమతో అడుగుడు. తిట్లకు భయపడు బిడ్డ తప్పును దాచును. దాచిన తప్పు దిద్దబడదు. మహావీరాచార్యుని గణితమును పావులూరి మల్లన తెనిగించిన భాష మనది. లెక్క మనకు పరాయివిద్య కాదు.